ఉత్త రివాల్వర్

మొన్న మా షూటింగు రేంజిల కొత్త పిస్టల్ పెట్టె విప్పిన. నూనె వాసన ఇంకా పోలేదు, పిడి చేతికి అలవాటు కాలేదు. కార్డుకు గురిపెట్టి, వేలు ట్రిగ్గర్ మీదికి పోతుండంగ, నాకు తెల్వకుంటనే నోట్లె నుంచి ఒక మాట బయటికొచ్చింది.

"జరుగుండ్రి."

ఎదురుంగ ఎవరు లేరు. పది మీటర్ల పొడుగు గది, ఆ కొసకు అట్ట కార్డు, దాని వెనుక ఇనుప రేకు. పక్క లైన్ల నిలబడ్డ జ్యోతినగర్ పిల్ల తన పిస్టల్ దించి నా దిక్కు చూసింది.

"ఎవర్ని మేడం?" అన్నది.

ఎవర్నని చెప్పాలె. ఆ మాట నాది కాదు. ఈ ఎండకాలం చనిపోయిన ఒక కాకది. మా రేంజిల ప్రతి గుండుకు ముందు ఆ మాట అనేటోడు. గట్టిగ కాదు, బస్సుల పక్కోన్ని కొంచెం జాగ అడిగినంత మెల్లగ.

కాక బొగ్గుబాయిల షాట్‌ఫైరర్‌గ చేసి రిటైరైండు. బొగ్గుకు బొక్కలు కొట్టించి, మందు కూరి, వైర్లు కలిపి పేల్చే పని. పేల్చే ముందు మనుషులందర్ని దూరం పంపాలె, కేకెయ్యాలె, మళ్ళొకసారి కేకెయ్యాలె, అప్పుడు గాని చెయ్యి కదపొద్దు. సర్వీసంత అన్న మాట, రిటైరైనంత మాత్రాన నోటిని విడిచిపెట్టదు గద. మొదటిసారి అన్నప్పుడు రేంజిల పిల్లలంత నవ్విండ్రు. "ఈడ ఎవలు లేరు తాతా" అన్నరు.

"లేరని మీకెట్ల ఎర్క? పోయి సూసిండ్రా?" అన్నడు కాక.

అని ఊకోలేదు. పిస్టల్ బల్ల మీద పెట్టి, నడుచుకుంట కార్డు దాకా పోయి, రేకు వెనుక తొంగిచూసి, కిటికీ రెక్క మూసి వచ్చి, అప్పుడు మళ్ళ "జరుగుండ్రి" అని కొట్టిండు. కొన్నాళ్ళకు నవ్వుడు బందైంది. ఇంకొన్నాళ్ళకు పిల్లలు గూడ గుండు కొట్టే ముందు ఒకసారి కార్డు వెనుక చూసుడు మొదలుపెట్టిండ్రు.

మా రేంజి గోదావరిఖనిల, చౌరస్తకు కొంచెం ఎడంగ, ఒకప్పటి గోనెసంచుల గోదాంల ఉంటది. కింద టైలరు దుకాణం, మీద మేము. నేను బడిల ఆటల టీచర్‌ను. కాలేజీల ఉన్నప్పుడు ఎన్‌సీసీల పట్టిన తుపాకి రుచి పోక, పొద్దుమీకి, ఆదివారాలు పిల్లలకు గురి నేర్పిస్త. మా నాయిన గూడ బాయి పనే చేసిండు. అమ్మ ఇప్పటికి చర్చిల ముందు వరుసల నిలబడి పాడుతది. రేంజి పెట్టిన కొత్తల మా వాడకట్టంత "ఆడపిల్లకు తుపాకులతోని ఏం పని" అని అనుకునేది. ఆ రోజులల్ల మా మెట్లెక్కి వచ్చిన మొదటి పెద్దమనిషి కాకనే.

వచ్చి లోపలికి రాలేదు. గడప అవతల నిలబడ్డడు. తెల్ల అంగీ, కాన్వాసు బూట్లు, వాటి దారాలు రెండు వైపుల ఒక్క తీరుగ ముడేసి ఉన్నయ్. మామూలుగ కొత్తగ వచ్చినోళ్ళు ధర ఎంత, లైసెన్సు కావాల్నా, ఎంత దూరం పోతది, పిట్ట చస్తదా అని అడుగుతరు. ఆయన అవేమి అడుగలేదు.

"బిడ్డా, దీన్ని ఒత్తాల్నంటే వేలుకు ఎంత బరువు వడాలె?" అన్నడు.

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరు అడుగలేదు. "మా గాలి పిస్టల్‌కైతే అర్ధకిలో కాకా. పోటీలల్ల అంతకు తక్కువ ఉండనియ్యరు" అన్న.

"అర్ధకిలో అంటే చక్కెర పొట్లమంత."

"అంతే."

అరచెయ్యి చాపి, అక్కడ లేని చక్కెర పొట్లాన్ని కొంచెంసేపు తూచిండు. తల ఊపి, మెట్లు దిగి పోయిండు. మళ్ళ తెల్లారి వచ్చిండు.

"నిజం దానికి సుత గంతేనా?"

"కాదు కాకా. నిజం దానికి ఎక్కువ. దాన్ని బట్టి ఉంటది."

"అట్లనా" అని మళ్ళ పోయిండు.

అదీ కాక తీరు. ఒక రోజుకు ఒక్కటే ప్రశ్న. జవాబు దొరికితే దాన్ని ఇంటికి తీస్కపోయేటోడు. రెండోది అడిగితే మొదటిది పాడైపోతదన్నట్టు. మూడో రోజో నాలుగో రోజో లోపలికి వచ్చి, నేర్చుకుంట అన్నడు.

చేతికి ఏది ఇచ్చినా ముందు బరువు చూసేటోడు. ఉల్లిగడ్డలు, నా ఫోను, నిండ చాయ్ ఉన్న గిలాస, తాగినంక ఖాళీ గిలాస. ఒకసారి మా ఇంటికి వస్తే బల్ల మీదున్న అమ్మ బైబిల్ తీసి చేతిల ఊపి చూసి, "మంచి బరువున్నది చెల్లె" అన్నడు. అమ్మకు సంతోషపడాల్నో కోపపడాల్నో తెల్వలేదు. ఆయన పోయినంక "ఎవరే ఆయన, పుస్తకాన్ని టమాటలోలె చూస్తడు" అన్నది.

ఇంట్ల ఏ వస్తువునూ కుదురుగ ఉండనిచ్చే మనిషి కాదు. ఆయన భార్యను నేను చిన్నమ్మ అనేదాన్ని. ఒకరోజు బజార్ల కనపడి మొర పెట్టుకున్నది. "కుక్కరు ఎందుకు కూస్తదో సూస్తనని దాని విజిల్ ఇప్పిండు బిడ్డా. ఇప్పుడు అది కూస్తలేదు, అన్నం ఉడుకుతలేదు. మీ కాడ ఆ తుపాకులన్న ఇప్పకుంట సూస్కో."

నిజంగనే విప్పాలని ఆయనకు ఉండె. నేనే విప్పి చూపించిన. స్ప్రింగు, గాలి సిలిండరు, ట్రిగ్గర్ వెనుకున్న చిన్న కొక్కెం. కొక్కెం దగ్గర ఆగిపోయిండు. "గింతదేనా అంతా" అన్నడు. ఆ రోజుకు అదే ప్రశ్న, అదే జవాబు.

ఎన్ని పాయింట్లు వచ్చినయో చూసుకునుడు ఆయనకు లేదు. కొట్టిన కార్డును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, బొక్కలల్ల నుంచి వచ్చే వెలుగు చూసేటోడు. "ఇది నేను కొట్టినట్టున్నది. ఇదేమో అదే పోయినట్టున్నది" అని వేలుతోని చూపించేటోడు. నిజమే, చాలాసార్లు వేలు మనం చెప్పకముందే ఒత్తేస్తది. అది నేను పిల్లలకు ఎన్నో మాటలల్ల చెప్పేది. ఇప్పుడు ఆయన మాటలనే చెప్తున్న.

మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు అయితే మా కిటికీలు గలగలమంటయ్, కార్డులు వణుకుతయ్. పిల్లలు పిస్టళ్ళు దించి నిలబడుతరు. కాకకు ఎడమ చెవు పూర్తిగ పోయింది, కుడి చెవు సగమే. ఆయన కాళ్ళతోని వినేటోడు. బూట్ల కింద నేల కదిలినప్పుడు మొఖంల ఒక కళ వచ్చేది, ఊరి నుంచి ఎవరో చుట్టం వచ్చి తలుపు కొట్టినట్టు.

ఒక్క పని మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. పిస్టల్ ఎత్తి గురిపెట్టేటోడు. పెట్టి, కొట్టకుంట అట్లనే ఉండేటోడు. చెయ్యి మెల్లగ వణుకుడు మొదలయ్యేది. భుజం దిగేది. నుదుటి మీద చెమట పట్టేది. అప్పుడు కొట్టకుంటనే దించేటోడు.

"ఏమైంది కాకా?" అని ఒకరోజు అడిగిన.

"ఏం లే బిడ్డా. పట్టుకొని కొట్టకుంట ఎంతసేపు ఉండొచ్చో సూస్తున్న." పిస్టల్ బల్ల మీద పెట్టుకుంట అన్నడు. "పట్టుకున్నోడు సుత అలిసిపోతడన్నట్టు."

నేను దాన్ని పెద్దగ పట్టించుకోలేదు. వయసు మీద పడ్డ మనిషి చెయ్యి గురించి చెప్పుకుంటున్నడనుకున్న.

చలికాలం పోతుండంగ సుబేదార్ సారు దగ్గర నుంచి ఫోనొచ్చింది. కరీంనగర్ దాటినంక ఒక గుట్ట కింద ఉన్న షూటింగు క్లబ్బును ఆయనే చూసుకుంటడు. ఫౌజుల చేసి వచ్చిన మనిషి. నాకు పెద్ద పోటీలకు గురి నేర్పింది ఆయనే. క్లబ్బుకు కొత్త రివాల్వర్ వచ్చింది, ఆదివారం వచ్చి కొట్టి చూడు అన్నడు. ఫోను పెట్టేసి ఆ మాట పిల్లలకు చెప్తుంటే, కాక తన కుడి చెవు నా దిక్కు తిప్పిండు.

"పిస్టలా, రివాల్వరా?"

"రివాల్వరే కాకా. గుండ్రంగ తిరిగే గిర్ర ఉంటది సూడు, అది."

"నన్ను తీస్కపోతవా?"

అన్ని రోజులల్ల ఆయన నన్ను జవాబు తప్ప ఇంకేది అడుగలేదు. ఇదే మొదటిసారి. సుబేదార్ సారును అడిగి, క్లబ్బుకు కావలసిన కాగితాలు పూర్తి చేయించి, ఆదివారం తీస్కపోయిన.

గోదావరిఖని నుంచి బస్సెక్కినం. ఆయన్ను కిటికీ దగ్గర కూసోబెట్టి, మంచి చెవు వైపు నేను కూసున్న. బస్సు పెద్దపల్లి దాటింది. దాటినంక, బయటికి చూసుకుంటనే మొదలుపెట్టిండు. నాకు చెప్తున్నడో, కిటికీకి చెప్తున్నడో అన్నట్టు.

ఆయన వయసుల ఉన్నప్పటి సంగతి. అప్పుడు ఈ బొగ్గు ప్రాంతమంత రెండు తుపాకుల నడుమ ఉండె, ఒక దిక్కు అడివిల అన్నలు, ఇంకో దిక్కు పోలీసులు. షాట్‌ఫైరర్ అంటే పేలుడు మందు చేతిల ఉన్న మనిషి. అందుకని ఒకరికి వాని తోటి అవసరం, ఇంకొకరికి వాని మీద అనుమానం. ఒకరోజు పొద్దటి షిఫ్టు దిగి, కాక, ఆయన బావ, రెండు సైకిళ్ళ మీద తుమ్మచెట్ల నడుమ బండ్ల బాట పట్టి ఇంటికి వస్తున్నరు. బావ అంటే చిన్నమ్మకు అన్న. అదే బాయిల పని. చెయిన్ పడిపోయిందని బావ వెనుక ఆగిండు. కాక ఒక్కడే ముందటికి వచ్చిండు. చెట్ల సాటు నుంచి ఒక మనిషి వచ్చి హ్యాండిలు పట్టుకున్నడు.

"'మందు యాడ వెట్టినవ్ చెప్పు' అన్నడు. నా కాడ లేదన్న. కంపెనీ గోదాంల తాళమేసి ఉంటది, ఇచ్చింది ఇచ్చినట్టు లెక్క అప్పజెప్పి వస్తం అన్న. నమ్మలే. నన్ను అటు దిక్కు తిప్పి, ఈ చెవు ఎనుక వెట్టిండు." ఎడమ చెవు వెనుక వేలు ఆనించి చూపించిండు. "సల్లగుండె బిడ్డా. ఎండల సైకిలు తొక్కొచ్చిన పానం, గంత సల్లటిది తాకేసరికి మోకాళ్ళు వాటంతటవే వంగినయ్. మొక్కిన. తల్లులందర్ని తల్సుకున్న. ఉచ్చ సుత పోసుకున్న, దాసుడేంది."

"ఎవలు కాకా వాళ్ళు?"

"ఎవలైతేంది. ఆ రోజులల్ల ఇటోళ్ళు అడిగిండ్రు, అటోళ్ళు అడిగిండ్రు. తుపాకి మూతికి జెండ ఉంటదా?"

సూర్యుడు వెనుక ఉండె. ఇద్దరి నీడలు ముందట బాట మీద పడ్డయ్. వెనక్కి తిరుగుతే చంపుతనన్నడు గనుక కాక ఆ నీడనే చూసుకుంట ఉన్నడు. చెవు వెనుక టిక్‌మని ఒక చిన్న చప్పుడైంది. చాలాసేపు ఏం కాలేదు. తర్వాత ఆ చల్లదనం పోయింది. నీడల ఆ మనిషి చేతులు రెండు దగ్గరికి వచ్చినయ్, నేల దిక్కు వంగినయ్, ఆడోళ్ళు నిండు కుండ దించినంత మెల్లగ దిగినయ్. "పో" అన్నడు. కాక సైకిలు అక్కడే విడిచి నడిచిండు. ఉరుకుడు రాలేదట.

"కొంతసేపటికి మా బావ రెండు సైకిళ్ళు నూకుకుంట ఇంటికొచ్చిండు. ఒకటే నవ్వుడు. 'ఉత్తదానికి గింత ఆగమైతివేంది బావా. నేను సెట్ల ఎనుక నుంచి సూసిన. దాంట్ల గుండ్లే లేవు, పిల్లలాడుకునేటిదోలె ఉన్నది' అన్నడు. మా ఆమె నవ్వింది. వాడకట్టంత నవ్వింది. నేను సుత నవ్విన. ఇగ అప్పటి సంది ఏ పెండ్లిల గాని, క్యాంటీన్ల గాని, ఆ ముచ్చటే. వాడు నా లెక్క మోకాళ్ళ మీద వడి సూపిస్తడు. మంచిగ సూపిస్తడు."

బస్సు ఒక ఊర్ల ఆగి కదిలింది.

"నాకొక్కటే తెలువాలె బిడ్డా. నేను భయపడ్డది ఉన్నదానికా, లేనిదానికా. గంతే."

రేంజి గుట్టకు ఆనుకొని ఉంటది. ఎదురుంగ ఎత్తయిన మట్టికట్ట, ఈ వైపు రేకుల షెడ్డు. సుబేదార్ సారు గుడ్డల చుట్టిన రివాల్వర్ తెచ్చి బల్ల మీద పెట్టి, గిర్ర పక్కకు తెరిచి ఖాళీగ ఉన్నదని ఇద్దరికి చూపించి కాక చేతికిచ్చిండు. కాక ముందు బరువు చూసిండు. ఈసారి కిందికి మీదికి ఊపలేదు, అట్లనే పట్టుకున్నడు.

"కొట్టకుంట ఊకె ఒత్తి చూడు పెద్దాయనా. మట్టి దిక్కే పట్టుకో" అన్నడు సారు.

ఒత్తిండు. వేలు వంగుతలేదు. చెయ్యంత కిందికి గుంజుకపోయింది.

"ఇది అర్ధకిలో గాదు" అన్నడు.

"కాదు. అట్ల ఒత్తితే చాలా బరువు. ఈ వెనుకున్నదాన్ని మా ఫౌజుల ఘోడా అంటరు. ముందు దీన్ని బొటనవేలుతోని వెనక్కి గుంజితే, తర్వాత ఒత్తుడు అలకగ ఉంటది." సారు రివాల్వర్ తీసుకొని గుంజిండు.

టిక్.

కాక ఎడమ చెయ్యి లేచి చెవు వెనుకకు పోయింది. అక్కడే ఆగింది. సగం పోయిన చెవుకు అంత చిన్న చప్పుడు వినపడ్డదా అని నేను చూస్తున్న.

"ఇంకోపారి" అన్నడు.

సారు ఇంకోసారి గుంజిండు. కాక కండ్లు మూసుకున్నడు.

"గిప్పుడు ఒత్తితే?"

"గాలికి పోయినట్టు పోతది. పసిపిల్ల ఒత్తినా పేలుతది."

"గుంజినంక, ఒత్తొద్దనుకుంటే?"

సుబేదార్ సారు ఆయన్ను ఒక్కసారి తేరిపార చూసిండు. నేర్చుకునేటోళ్ళు కొట్టుడు గురించే అడుగుతరు గద. "చూపిస్త" అని పక్కకు జరిగి, మూతి నేల దిక్కు వంచి, రెండో చెయ్యి గూడ తెచ్చి, ఘోడాను బొటనవేలుతోని ఒత్తిపట్టి, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగ, మెల్లగ దించిండు. పొద్దు మా వెనుకకు వాలింది. కాక రివాల్వర్‌ను చూస్తలేడు. ముందట నేల మీద పడ్డ సారు నీడను చూస్తున్నడు.

"ఉత్తదాన్ని సుత గిట్లనే దించుతరా సారూ?"

"నేనంటే ఫౌజీని, అలవాటైంది. మామూలోడు ఉత్తదాన్ని ఇంత పైలంగ ఎందుకు దించుతడు? టక్కున ఒత్తి ఇడిచిపెడుతడు. లోపట గుండు ఉంటేనే ఈ తిప్పలు. వేలు జారిందంటే ఖతం."



తర్వాత సారు గుండ్లు నింపిండు. చప్పుడు ఆపే మఫ్‌లు చెవులకు పెట్టుకున్నం. కాక గీత మీద నిలబడి రెండు చేతులతోని ఎత్తిండు. "జరుగుండ్రి" అన్నడు. మెల్లగ కాదు, బాయిల కేకేసినట్టు అన్నడు. గుట్ట ఆ మాటను తిరిగి అన్నది. గుండు పేలింది, మట్టికట్టల నుంచి దుమ్ము లేచింది. కార్డుకు ఏం తాకలేదు. ఒక్కటే గుండు. రివాల్వర్ బల్ల మీద పెట్టి, "సాలు సారూ" అని వచ్చి బెంచి మీద కూసున్నడు.

నీళ్ళిచ్చిన. తాగి, సీసా నా చేతికిచ్చి, మట్టికట్ట దిక్కు చూసుకుంట అన్నడు.

"వాడు నన్ను బెదిరిచ్చుడు గాదు బిడ్డా. ఇడిచిపెట్టిండు."

నేను పక్కన కూసున్న.

"మొఖం సూడలే నేను. గిన్నేండ్లు వాన్ని తిట్టుకున్న. వాడేమో నా మీద నుంచి తీసి, పక్కకు తిప్పి, పైలంగ దించుకున్నడు. పెండ్లయిందో లేదో వానికి. ఆ పూట తిన్నడో లేదో. వాని చెయ్యి వణికిందో లేదో. నన్ను ఇడిచినందుకు వాన్ని ఎవలన్న ఏమన్న అన్నరో. ఇప్పుడు ఉన్నడో లేడో."

రోజుకొక్కటి తప్ప అడుగని మనిషి నోట్లె నుంచి అన్ని ప్రశ్నలు ఒక్కసారి వచ్చుడు అప్పుడే చూసిన.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల కొంచెం కునుకు తీసిండు. లేచి, అనుకోకుంట ఏదో యాదికొచ్చినట్టు అన్నడు.

"మా బావకు చెప్పకు బిడ్డా."

"ఎందుకు కాకా? ఇన్నేండ్ల నుంచి నవ్వుతున్నడు గద. చెప్పాలె."

"ఉత్తదైతే వాడు నవ్వినోడు. నిజందైతే వాడు సాటుకు దాగినోడు అయితడు. గిప్పుడు ఈ వయసుల వానికెందుకది?"

ఆ తర్వాత రేంజికి వచ్చుడు తగ్గింది. వచ్చినా పిస్టల్ ఎత్తి ఊకె పట్టుకునుడు బందు పెట్టిండు. "జరుగుండ్రి" అని, కొట్టి, కార్డు వెలుతురుకు చూసి, పిల్లలతోని ముచ్చట పెట్టి పోయేటోడు. ఎండలు ముదిరినంక ఒకనాడు పొద్దున చాయ్ తాగి, గిలాస కింద పెట్టి, గోడకు ఒరిగిండట. దవాఖానకు తీస్కపోయేవరకే పానం లేదు. నేను ఊర్ల లేకపోతిని. కడసారి చూసుడు కాలేదు. దినాల రోజు పోయిన.

ఇంటి ముందట టెంటేసిండ్రు. బంధువులు, పాత బాయి దోస్తులు కుర్చీలల్ల కూసున్నరు. చిన్నమ్మ నన్ను చూసి ఏడ్చి, కొంచెంసేపటికి కండ్లు తుడుచుకొని, "కుక్కరు మంచిగైంది బిడ్డా. ఆయనే చేసిండు, పోయే ముందు" అన్నది. అటు ఒక కుర్చీల పొడుగ్గ, సన్నగ, తువ్వాల భుజం మీదేసుకొని ఒక ముసలాయన కూసున్నడు. ఎవరో ఆయన్ను "బావా, ఆ రివాల్వర్ ముచ్చట చెప్పరాదు, మనిషి యాదికొస్తడు" అన్నరు. ఆయన "ఇయ్యాల వద్దు" అన్నడు. అప్పుడు తెలిసింది నాకు ఆయన ఎవరో.

కొంచెంసేపటికి ఆయనే లేచి నా దగ్గరికి వచ్చిండు. సెంటినరీ కాలనీల బిడ్డ దగ్గర ఉంటడట.

"నువ్వేనా, తుపాకుల టీచరమ్మవు?"

"అవును మామా."

పక్క కుర్చీ జరుపుకొని కూసున్నడు. "చలికాలం పోయేటప్పుడు ఒకనాడు నీ తోటి కరీంనగర్ దిక్కు వచ్చిండట గద. ఆ తెల్లారే బస్సెక్కి మా ఇంటికొచ్చిండు. మా ఇంటికి ఆయన వచ్చుడు తక్కువ. వచ్చి, చెప్పులు సుత ఇడువకముందే, 'బావా, పోయి కనుక్కొని వచ్చిన. నువ్వన్నదే నిజం. అది ఉత్తదే' అన్నడు. ఇద్దరం నవ్వినం. కడుపు నొచ్చేదాక నవ్వినం. అన్నం తిని పోయిండు."

బస్సుల కాక 'మా బావకు చెప్పకు' అన్నది యాదికొచ్చింది.

ఆయన తువ్వాల కొసను వేళ్ళకు చుట్టుకుంట కూసున్నడు. టెంటు అవతల వంటోళ్ళు గంజులు దించుతున్నరు.

"గని అది ఉత్తది గాదు బిడ్డా" అన్నడు.

ఆయన దిక్కు తిరిగిన.

"ఎవలకు చెప్పలే ఇప్పటిదాక. మా చెల్లెకు సుత. నేను తుమ్మపొదల ఎనుక పండుకొని ఉన్న. లేవాల్నని అనుకుంటున్న, కాళ్ళు వస్తలేవు. బావను పొమ్మన్నంక వాడు నా దిక్కే వచ్చిండు, గీ టెంటంత దూరం. నన్ను సూడలే. గిర్ర తెరిచి, గుండ్లు అరచేతిల ఒంపుకున్నడు. ఎండకు మెరిసినయ్. చెయ్యి గజగజ వణుకుతున్నది వానిది. ఒకటి కిందవడితే గడ్డిల ఎతికిండు, దొరుకలే. కూలవడి కూసున్నడు. తల పట్టుకొని కొంచెంసేపు కూసుండి, లేచి పోయిండు. చిన్నోడు బిడ్డా. మా కన్న చిన్నోడు."

వాని చెయ్యి వణికిందో లేదో. రేంజిల పిస్టల్ ఎత్తి పట్టుకొని, తన చెయ్యి వణికేదాక నిలబడ్డ కాక నా కండ్ల ముందట మెదిలిండు. ఆయనకు కావలసిన జవాబు ఇన్నేండ్లు బావ దగ్గరనే ఉండె, ఒక బస్సు దూరంల.

"రెండు సైకిళ్ళు నూకుకుంట వస్తుంటే ఒకటే ఆలోచన. తెల్లారి వీడు డ్యూటీకి పోవాలె, గదే బాట. నిజం చెప్తే ఇగ పోతడా? పోకుంటే కొలువు పోతది, మా చెల్లె ఆగమైతది. అందుకని ఉత్తదన్న. నవ్విన. తెల్లారి ఇద్దరం నవ్వుకుంటనే ఆ బాట మీద పోయినం." తువ్వాల కొస విడిచిండు. "నేను దాక్కున్నది సుత ఆ నవ్వులనే కప్పువడ్డది. అది లేదనను. అది సుత ఉన్నది. ఒక్కసారి నవ్వినంక ఇగ ఆపుడు రాలే."

చిన్నమ్మ లోపలి నుంచి అందర్ని అన్నాలకు లెమ్మని పిలుస్తున్నది. ఒక్కొక్కరు లేస్తున్నరు.

"ఏదైతేంది" అన్నడు ఆయన. "ఉత్తదే అనుకొని నిమ్మలంగ పోయిండు మా బావ. నాకు గదొక్కటి సాలు."

అని నా మొఖంలకు చూసిండు. నేను ఆ రోజు పక్కన ఉన్నదాన్నని ఆయనకు ఎరికే. నా నోటి నుంచి ఆ మాట వినాలని అడుగుతున్నడు.

"అవును మామా" అన్న. "నాతోని సుత గట్లనే అన్నడు."

ఆయన తల ఊపిండు. తువ్వాల మళ్ళ భుజం మీద సర్దుకొని, కుర్చీ చేతుల మీద ఆనుకొని లేచి, బంతిల కూసునేటందుకు పోయిండు.